ఫిల్మ్ సిటీ యాత్ర – చూడవలసినవి, నేర్చుకోవలసినవి

చలికాలం రాగానే హాస్టళ్ళలో విజ్ఞాన యాత్ర ముచ్చట మొదలవుతుంది. ఎక్కడికి పోదామని అడిగితే పిల్లలు ముందుగా చెప్పే పేర్లలో రామోజీ ఫిల్మ్ సిటీ ఒకటి. సినిమా అంటే ఇష్టం లేనివారు మనలో తక్కువ. తెర మీద చూసిన కోటలు, వీధులు, తోటలు కళ్ళారా చూడాలని అందరికీ ఉంటుంది. ఆ కోరికలో తప్పు లేదు.

అయితే ఒక మాట ఆలోచించాలి. హాస్టల్ నుంచి వెళ్ళే యాత్ర ఏడాదికి ఒక్కసారి. కొందరికి చదువు మొత్తం మీద ఒక్కసారే. బస్సు ఖర్చు, టికెట్టు ఖర్చు, భోజనం ఖర్చు అన్నీ కూడబెట్టి వెళ్తాం. అంత దూరం పోయి, వరుసల్లో నిలబడి, నాలుగు ఫోటోలు దిగి వస్తే వారం తిరక్కుండానే అంతా మరచిపోతాం. సినిమాకు రెండు పక్కలున్నాయి. తెర మీద కనిపించేది ఒక పక్క. దాన్ని తయారుచేసిన పని రెండో పక్క. మొదటి పక్క మన ఊరి టాకీసులోనే కనిపిస్తుంది. రెండో పక్క కళ్ళతో చూసే అవకాశం ఫిల్మ్ సిటీలో దొరుకుతుంది. అది చూడకుండా రావడమంటే బావి దాకా పోయి ఖాళీ బిందెతో తిరిగిరావడమే.

కాబట్టి అక్కడ ఏమేం ఉన్నాయి, ఏ వరుసలో చూడాలి, ఒక్కొక్క చోట మన పాఠ్యపుస్తకాల్లోని ఏ పాఠం కనిపిస్తుంది అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఎక్కడ ఉంది?

రామోజీ ఫిల్మ్ సిటీ తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే దీని ద్వారం. ఎల్బీ నగర్, హయత్‌నగర్ దాటి ముందుకు పోవాలి. ఎల్బీ నగర్ వరకు 2018 నుంచి మెట్రో రైలు కూడా ఉంది. అక్కడి నుంచి బస్సులో వెళ్ళవచ్చు. కోస్తా జిల్లాల నుంచి, నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చేవారికి హైదరాబాద్ నగరంలోకి పోకుండానే దారిలోనే తగులుతుంది.

ఈనాడు పత్రిక స్థాపకుడు రామోజీరావు 1996లో దీన్ని ప్రారంభించారు. ఆయన 2024 జూన్ 8న మరణించారు. దీని విస్తీర్ణం 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుల్లో ఎక్కింది.

మన సినిమా చరిత్ర తెలిస్తే దీని విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. దాన్ని తయారుచేసింది బొంబాయిలో. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు తెలుగు సినిమా మద్రాసులో ఉండిపోయింది. నటులు, సాంకేతిక నిపుణులు, కార్మికులు అందరూ అక్కడే కాపురాలు పెట్టారు. తరువాత అక్కినేని నాగేశ్వరరావు వంటివారు హైదరాబాద్‌లో స్టూడియోలు కట్టారు. పరిశ్రమ నెమ్మదిగా ఇక్కడికి వచ్చింది. ఆ వరుసలో వచ్చినదే ఫిల్మ్ సిటీ. సెట్లు, ఫ్లోర్లు, తోటలు, హోటళ్ళు, రికార్డింగ్, ఎడిటింగ్ అన్నీ ఒకే చోట ఉండాలన్నది దీని ఆలోచన.

థీమ్ పార్కు అంటే ఏమిటి?

మన ఊరి జాతరలో రంగుల రాట్నం ఉంటుంది. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఉంటుంది. అవి వేటికవే విడివిడి ఆటలు. థీమ్ పార్కులో అలా కాదు. ఆటలు, భవనాలు, దుకాణాలు, పనివాళ్ళ దుస్తులు అన్నీ ఒకే కథను, ఒకే భావాన్ని పట్టుకుని ఉంటాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్‌లో 1955 జూలై 17న ప్రారంభమైన డిస్నీలాండ్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. దాన్ని కట్టించిన వాల్ట్ డిస్నీ స్వయంగా సినిమాలు తీసే మనిషి. సినిమా సెట్టు కట్టే విద్యనే ఆయన పార్కు కట్టడానికి వాడుకున్నారు. ఫిల్మ్ సిటీలో నిజమైన స్టూడియో, కుటుంబాల వినోదానికి పార్కు రెండూ కలిసి ఉన్నాయి. ఒక పక్క సందర్శకులు తిరుగుతుంటే మరో పక్క షూటింగులు జరుగుతుంటాయి. అందుకే షూటింగు ఉన్న రోజు కొన్ని చోట్లకు పోనివ్వరు. దానికి నిరుత్సాహపడకూడదు. అది వాళ్ళ పనిచోటు అని గుర్తుంచుకోవాలి.

బయలుదేరే ముందు

1. పాఠశాల బృందాలకు వేరే ధరలు ఉంటాయేమో వార్డెన్ గారు ముందే కార్యాలయానికి ఫోన్ చేసి అడిగి, తేదీ ఖాయం చేసుకోవాలి. ఏయే ఆటలు టికెట్టులో కలిసి ఉన్నాయి, వేటికి వేరే డబ్బు కట్టాలి, బయటి భోజనం లోపలికి రానిస్తారా లేదా అనేవి కూడా అప్పుడే అడగాలి.

2. పదిమందికి ఒక జట్టు, జట్టుకు ఒక పెద్ద విద్యార్థి. ప్రతి పిల్లవాడి జేబులో హాస్టల్ పేరు, వార్డెన్ గారి ఫోన్ నంబరు రాసిన కాగితం ఉండాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో లోపలికి పోగానే ఒక చోటు నిర్ణయించుకోవాలి.

3. నడక ఎక్కువ, ఎండ ఎక్కువ. కొత్త చెప్పులు వద్దు, అలవాటైనవే వేసుకోండి. టోపీ లేదా తువ్వాలు, నీళ్ళ సీసా తెచ్చుకోండి. ఆడపిల్లలు తమకు అవసరమైన వస్తువులు ముందే సంచిలో సర్దుకోవాలి. బస్సు పడని పిల్లలు ఉదయం కడుపు నిండా తినకుండా తేలికగా తినాలి.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది చేతిఖర్చు. లోపల దుకాణాలు, ఐస్‌క్రీములు, బొమ్మలు చాలా ఉంటాయి. ఇంటి నుంచి డబ్బు వచ్చిన పిల్లలుంటారు, రాని పిల్లలుంటారు. ఒకరు తింటుంటే మరొకరు పక్కన నిలబడి చూసే పరిస్థితి మన హాస్టల్ యాత్రలో రాకూడదు. అందరూ ఒకే మొత్తం తెచ్చుకోవాలని ముందే తీర్మానించి, ఆ డబ్బు జట్టు నాయకుడి దగ్గర ఉంచండి. కొంటే పదిమందికీ కొనండి, లేకపోతే మానేయండి. ఈ ఒక్క నియమం పాటిస్తే యాత్ర సగం బాగుపడినట్టే.

5. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు. జట్టుకు ఒకటి చాలు.

ఉదయం: యురేకా, బస్సు యాత్ర

రహదారి పక్కనున్న ద్వారం దగ్గర టికెట్లు తీసుకున్నాక ఫిల్మ్ సిటీ వారి బస్సులే లోపలికి తీసుకుపోతాయి. సందర్శకులు మొదట చేరేది యురేకా అనే ప్రాంగణం. కోటలాగా కట్టిన ఈ చోట ఉదయం స్వాగత నృత్యం ఉంటుంది. భోజనశాలలు, దుకాణాలు ఇక్కడే. ప్రదర్శనల వేళలు రాసిన పట్టిక, దారులు చూపించే పటం ముందుగా సంపాదించండి. ఏ ప్రదర్శన ఎన్ని గంటలకో నోటు పుస్తకంలో రాసుకుని, దాని ప్రకారం రోజును పంచుకోండి. ప్రదర్శనలకు వేళలుంటాయి కాని తోటలను ఎప్పుడైనా చూడవచ్చు. కాబట్టి ప్రదర్శనలను ముందు లెక్క వేసుకుని, మధ్య ఖాళీల్లో మిగతావి చూడాలి.

ఎండ ముదరక ముందే బస్సు యాత్ర చేయడం మంచిది. పాతకాలపు నమూనాలో ఉండే బస్సులో గైడు వివరిస్తూ సెట్లు, తోటలు చూపిస్తారు. మొఘల్ తోట, జపాను తోట, విదేశీ వీధులు, రైల్వే స్టేషను, విమానాశ్రయం, గుడి, పల్లెటూరు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. గైడు చెప్పే సినిమా పేర్లు వినండి. దానితో ఆగిపోకుండా ఈ కింది సంగతులు గమనించండి.

సెట్లు: గోడకు వెనక ఏముంది?

సెట్టు దగ్గర దిగనిచ్చినప్పుడు గోడను వేలి కణుపుతో మెల్లగా తట్టి చూడండి. రాయిలా కనిపించేది చాలాసార్లు రాయి కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబర్, ప్లైవుడ్, ఇనుప చట్రం వంటివాటితో చేసి, పైన రంగు వేసినది. రాతికి ఉండే పగుళ్ళు, నాచు, వాన మరకలు అన్నీ పెయింటర్ కుంచెతో పెట్టినవే. కొన్ని కట్టడాలకు ముందు గోడ మాత్రమే ఉంటుంది. వెనక ఆనించిన కర్రలు, ఇనుప కడ్డీలు ఉంటాయి. ఒకే కట్టడానికి ఒక వైపు ఒక ముఖం, మరొక వైపు ఇంకొక ముఖం పెట్టడం కూడా ఉంది. రైల్వే స్టేషనులో ఊరి పేరు బోర్డు మార్చితే చాలు, అది ఇంకో ఊరైపోతుంది. కెమెరా చూసే పక్క మాత్రమే కడితే డబ్బు, సమయం మిగులుతాయి. ఇది మోసం కాదు, పొదుపు.

ఇక్కడ పదో తరగతి లెక్కల పాఠం ఒకటి కనిపిస్తుంది. సరూప త్రిభుజాలు గుర్తున్నాయా? కన్ను నేలమట్టంలో ఉందనుకోండి. 20 అడుగుల దూరంలో ఉన్న 10 అడుగుల గోడ, 100 అడుగుల దూరంలో ఉన్న 50 అడుగుల గోడ కంటికి ఒకే ఎత్తుగా కనిపిస్తాయి. ఎందుకంటే 10/20, 50/100 రెండూ సమానమే. కాబట్టి దూరంగా ఉన్నట్టు చూపించవలసిన భవనాన్ని దగ్గరలోనే చిన్నదిగా కడితే సరిపోతుంది. మేడ పై అంతస్తులను కింది అంతస్తుల కన్నా చిన్నవిగా కడితే మేడ ఇంకా ఎత్తుగా ఉన్నట్టు తోస్తుంది. డిస్నీలాండ్‌లోని ప్రధాన వీధిలో ఈ ఉపాయమే వాడారు.

చేసి చూడండి: ఎండలో మీ స్నేహితుణ్ణి నిలబెట్టి అతని నీడను అడుగులతో కొలవండి. అతని ఎత్తు 5 అడుగులు, నీడ 4 అడుగులు అనుకుందాం. అదే సమయంలో సెట్టు గోడ నీడ 24 అడుగులుంటే, గోడ ఎత్తు 24ను 4తో భాగించి 5తో గుణిస్తే వస్తుంది, అంటే 30 అడుగులు. యాత్రకు ముందు హాస్టల్ ముందున్న జెండా కర్ర మీద ఈ లెక్క చేసి అలవాటు చేసుకోండి.

బాహుబలి సెట్టు

పిల్లలంతా ఎదురుచూసే చోటు ఇది. ‘బాహుబలి’ మొదటి భాగం 2015లో, రెండో భాగం 2017లో విడుదలయ్యాయి. మాహిష్మతి రాజ్యం సెట్లు సాబు సిరిల్ ఆధ్వర్యంలో తయారయ్యాయి. విగ్రహాలు, ఆయుధాలు, రథాలు, స్తంభాల మీది చెక్కడాలు దగ్గరి నుంచి చూడవచ్చు.

తెర మీద చూసినంత పెద్దగా లేదే అని కొందరు నిరాశపడతారు. నిజానికి అసలు పాఠం అక్కడే ఉంది. ఇలాంటి సినిమాల్లో నటులు నిలబడే చోటు, వాళ్ళు తాకే వస్తువులు నిజంగా కడతారు. వాటి పైన, వాటి వెనక కనిపించే మిగతా నగరాన్ని కంప్యూటర్‌లో కలుపుతారు. ఆ సినిమాలోని జలపాతానికి కేరళలోని అతిరప్పిళ్ళి జలపాతాన్ని వాడుకున్నారు. దాని ఎత్తు సుమారు 80 అడుగులు. తెర మీద అది ఆకాశాన్ని తాకినట్టు కనిపించడం కంప్యూటర్ పని.

ఇలా కలపడానికి నటుల వెనక ఆకుపచ్చ లేదా నీలం తెర కట్టి చిత్రీకరిస్తారు. ఎరుపు ఎందుకు కట్టరు? మనిషి చర్మం ఏ రంగులో ఉన్నా అందులో ఎరుపు పాలు ఎక్కువ, ఆకుపచ్చ, నీలం తక్కువ. కంప్యూటర్‌కు ఆకుపచ్చంతా తీసెయ్యి అని చెబితే తెర పోతుంది, మనిషి మిగులుతాడు. ఆ రోజు నటుడు ఆకుపచ్చ చొక్కా వేసుకుంటే చొక్కా కూడా మాయమై, తల, చేతులు మాత్రమే మిగులుతాయి!

మూవీ మ్యాజిక్: తప్పక చూడవలసింది

ఫిల్మ్ సిటీలో ఒక్క ప్రదర్శనకే సమయం ఉందంటే ఇదే చూడండి. ఇందులో సినిమా ఎలా తయారవుతుందో మన ముందే చేసి చూపిస్తారు. ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచి ‘షోలే’ సినిమాలోని బసంతి గుర్రపు బండి సన్నివేశంలో నటింపజేస్తారు. బండి కదలదు, గుర్రమూ ఉండదు. తరువాత మరికొందరి చేత చప్పుళ్ళు చేయిస్తారు. చివరికి బొమ్మనూ చప్పుడునూ కలిపి తెర మీద వేస్తే, కదలని బండి దుమ్ము రేపుకుంటూ పోతున్నట్టు కనిపిస్తుంది. పిలిచినప్పుడు సిగ్గుపడి వెనక్కి జరగకండి. చెయ్యి ఎత్తండి. ఆ అవకాశం డబ్బు పెట్టినా దొరకదు.

ఇందులో రెండు పాఠాలున్నాయి.

మొదటిది బొమ్మ గురించి. సినిమాలో బొమ్మ కదలదు. సెకనుకు 24 నిలకడ బొమ్మలు ఒకదాని వెంట ఒకటి మారతాయి. కన్ను, మెదడు కలిసి వాటిని ఒకే కదలికగా అర్థం చేసుకుంటాయి. లెక్క వేయండి: నిమిషానికి 24 × 60 = 1,440 బొమ్మలు. రెండున్నర గంటల సినిమాకు, అంటే 150 నిమిషాలకు 2,16,000 బొమ్మలు. నోటు పుస్తకం అంచుల్లో ఒక్కో పేజీకి కొంచెం కొంచెం మార్చుతూ పరుగెత్తే మనిషిని గీసి, పేజీలు గబగబా తిప్పి చూడండి. సినిమా పుట్టిన సూత్రం మీ చేతిలోనే ఉంటుంది.

రెండోది చప్పుడు గురించి. తెర మీద వినిపించే అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, వాన, గుర్రపు డెక్కలు వంటివి చాలావరకు షూటింగులో పట్టినవి కావు. తరువాత గదిలో కూర్చుని బొమ్మ చూస్తూ చేసినవి. కొబ్బరి చిప్పలు రెండు తీసుకుని గట్టి నేల మీద కొడితే గుర్రం నడిచినట్టే ఉంటుంది. ఈ పనిని ‘ఫోలీ’ అంటారు. దీన్ని వృద్ధి చేసిన అమెరికన్ కళాకారుడు జాక్ ఫోలీ పేరే ఈ విద్యకు స్థిరపడింది. మన వార్షికోత్సవ నాటికల్లో మైకు దగ్గర ఒక జట్టును కూర్చోబెట్టి ఈ పని చేయించవచ్చు. ఖర్చు లేదు, నాటికకు ప్రాణం వస్తుంది.

మూవీ మ్యాజిక్‌కు అనుబంధంగా ఫిల్మీ దునియా, స్పేస్ యాత్ర ఉన్నాయి. ఫిల్మీ దునియాలో చిన్న బండిలో కూర్చుంటే ప్రపంచ నగరాల బొమ్మల మధ్యగా తీసుకుపోతుంది. చిన్నపిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. స్పేస్ యాత్రలో అంతరిక్షంలోకి దూసుకుపోతున్నట్టు అనిపిస్తుంది. ఇటువంటి సిమ్యులేటర్ల రహస్యం మన చెవిలో ఉంది. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార కుల్యలు, వాటి పక్కనున్న సంచులు మన శరీరం ఎటు తిరుగుతోందో, ఎటు వంగుతోందో మెదడుకు చెబుతాయి. కుర్చీని మెల్లగా వెనక్కి వంచి, అదే సమయంలో తెర మీద బొమ్మను వేగంగా కదిలిస్తే, మెదడు ఆ వంపునే వేగం అనుకుంటుంది. కన్ను చెప్పేది, చెవి చెప్పేది కలవకపోతే కొందరికి వికారంగా ఉంటుంది. బస్సులో వాంతి వచ్చేది కూడా ఇందుకే. వికారం అనిపిస్తే కళ్ళు మూసుకోండి, తగ్గుతుంది.

సాహస ప్రదర్శన

వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో అమెరికా పశ్చిమ ప్రాంతపు గుర్రపు వీరుల కథలాగా కాల్పులు, పేలుళ్ళు, పైనుంచి పడటాలు ఉంటాయి. చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఇందులో ఒక్క అడుగు కూడా లెక్క లేకుండా పడదు. ఎన్నోసార్లు అభ్యాసం చేసి, ఎక్కడ పడాలో గుర్తు పెట్టుకుని, కింద మెత్తని ఏర్పాటు చేసుకుని పడతారు.

దీని వెనకున్నది తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం. 50 కిలోల మనిషి 5 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకేటప్పటికి వేగం సెకనుకు 10 మీటర్లు ఉంటుంది. (ఇక్కడ గురుత్వ త్వరణం 10గా తీసుకున్నాం.) అప్పుడు ద్రవ్యవేగం 500. గట్టి నేల మీద పడి సెకనులో 20వ వంతులో ఆగితే శరీరం మీద పడే సగటు ఫలిత బలం 10,000 న్యూటన్లు. గాలి నింపిన పరుపు మీద పడి అర సెకనులో ఆగితే 1,000 న్యూటన్లు మాత్రమే. ఆగే సమయం పది రెట్లు పెరిగితే బలం పదో వంతుకు తగ్గింది. ఎముక విరగడానికీ లేచి నవ్వడానికీ మధ్య తేడా ఇదే.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నామంటే, సినిమా చూసి వచ్చి డాబా పిట్టగోడ మీద నుంచి, చెట్టు మీద నుంచి దూకే పిల్లలు ప్రతి హాస్టల్‌లో ఉంటారు. తెర మీద హీరో దూకినప్పుడు కింద పరుపు ఉంటుంది, నడుముకు తాడు ఉంటుంది. చాలాసార్లు దూకేది హీరో కూడా కాదు, ఆయన బదులు దూకే కార్మికుడు. మీ డాబా కింద ఉన్నది సిమెంటు నేల.

సాయంత్రం దాకా

ఎండ వేళ నీడగా ఉండే తోటల్లో గడపవచ్చు. సీతాకోకచిలుకల పార్కులో ఏ మొక్క మీద ఏ పురుగు వాలుతోందో చూడండి. నిమ్మ సీతాకోకచిలుక నిమ్మ, కరివేపాకు చెట్ల ఆకుల మీద గుడ్లు పెడుతుంది. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచులున్న ఒక రకం జిల్లేడు మీద పెడుతుంది. మన హాస్టల్ వెనక జిల్లేడు పొద ఉంటే ఆ గొంగళిపురుగు అక్కడా దొరుకుతుంది. బోన్సాయ్ తోటలో మర్రి, రావి జాతుల చెట్లు చిన్న తొట్టెల్లో పెరగడం చూస్తారు. అవి వేరే జాతి చెట్లు కావు. వేళ్ళనూ కొమ్మలనూ ఎప్పటికప్పుడు కత్తిరించి, తొట్టెలో మట్టి కొంచెమే ఇచ్చి అలా ఉంచుతారు. పక్షుల పార్కు కూడా చూడదగినది.

చిన్న తరగతుల పిల్లలకు ఫండుస్థాన్ ఉంది. భయపెట్టే చీకటి గదుల బోరాసురలోకి ఇష్టమైనవాళ్ళే పోవాలి. రానంటున్న పిల్లవాణ్ణి పిరికివాడని వెక్కిరించి తోసుకుపోవద్దు. ఆటల దగ్గర ఎత్తు, వయసు నియమాలు రాసి ఉంటాయి. అవి బెల్టు, కడ్డీ ఎంత శరీరానికి సరిపోతాయో చూసి పెట్టినవి. ఎత్తు ఎక్కువ చెప్పి, మడమలెత్తి నిలబడి లోపలికి పోవద్దు.

సాయంత్రం జానపద కళలు, నృత్యాలతో ప్రదర్శన ఉంటుంది. డప్పు, కోలాటం, చెక్కభజన తెలిసిన పిల్లలు మన హాస్టళ్ళలో ఎందరో ఉన్నారు. వేదిక మీద వాళ్ళు అడుగులు ఎలా కలుపుతున్నారో, దుస్తులు ఎలా మారుస్తున్నారో చూడండి. మీ కళ తక్కువదేమీ కాదని మీకే తెలుస్తుంది.

ఇరవై నాలుగు శాఖలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫిల్మ్ సిటీ నుంచి వచ్చాక మనలో కొందరికి సినిమాల్లోకి పోవాలనిపిస్తుంది. పదో తరగతి, ఇంటర్ మధ్యలో వదిలేసి హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకుని, అవకాశాల కోసం ఏళ్ళ తరబడి తిరిగే యువకులు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన సినిమా ఒక్కటే, అది హీరో సినిమా.

కాని ఈ రోజు మీరు చూసినదేమిటి? గోడ కట్టిన వడ్రంగి, రాయిలా రంగు వేసిన పెయింటర్, దీపాలు పెట్టిన ఎలక్ట్రీషియన్, దుస్తులు కుట్టిన దర్జీ, చప్పుడు చేసిన కళాకారుడు, బొమ్మలు అతికిన ఎడిటర్, కంప్యూటర్ మీద కోట కట్టిన నిపుణుడు, పరుపు సర్దిన ఫైటర్, వేళకు భోజనం పెట్టిన ప్రొడక్షన్ వాళ్ళు. సినిమా వాళ్ళు దీన్నే 24 క్రాఫ్ట్స్ అంటారు. తెర మీద ఒక ముఖం కనిపించడానికి తెర వెనక వందల చేతులు కావాలి. ముఖానికి అవకాశం రావడం అదృష్టం మీద కూడా ఆధారపడుతుంది. చేతిలో పని ఉన్నవాడికి సినిమాలో పని లేకపోయినా ఊళ్ళో పని ఉంటుంది.

ఆ పనులకు చదువు దారులున్నాయి. పదో తరగతి తరువాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్ళు. కార్పెంటర్, కుట్టుపని కోర్సులు ఏడాది. ఇంటర్ తరువాత బొమ్మలు గీసే చెయ్యి ఉన్నవారు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ బీఎఫ్ఏ చదవవచ్చు. చిత్రకళ, శిల్పం, ఫోటోగ్రఫీ, యానిమేషన్ వంటివి అందులో ఉన్నాయి. ప్రవేశానికి పరీక్ష ఉంటుంది. డిగ్రీ తరువాత పూణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. మొదటిది 1960లో, రెండోది 1995లో ఏర్పడ్డాయి. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ఛాయాగ్రహణం, శబ్దం, ఎడిటింగ్, దర్శకత్వం అక్కడ నేర్పుతారు. రిజర్వేషన్లు వర్తిస్తాయి. కాబట్టి సినిమా మీద ఇష్టం ఉన్న పిల్లవాడు చదువు మానేయకూడదు. ఆ ఇష్టం కోసమే చదువు పూర్తి చేయాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి

అన్నలారా, అక్కలారా! మన హాస్టల్‌లో చదివి వైరింగు, పెయింటింగు, టైలరింగు, కంప్యూటర్ గ్రాఫిక్స్ వంటి పనుల్లో స్థిరపడినవారు మీలో ఉన్నారు. యాత్రకు బస్సు ఖర్చు ఇవ్వగలిగితే సంతోషం. ఇవ్వలేకపోయినా యాత్రకు ముందు వచ్చే ఆదివారం ఒక గంట హాస్టల్‌కు రండి. మీరు చేసే పని ఏమిటో, ఎలా నేర్చుకున్నారో, మొదట ఎంత కష్టపడ్డారో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పండి. ఆ మాటలు విని వెళ్ళిన పిల్లవాడు సెట్టు గోడను చూసే తీరే వేరుగా ఉంటుంది.

యాత్ర నుంచి వచ్చాక రాయండి

1. మీరు చూసిన ఒక సెట్టు దేనితో చేశారు? దానికి ఎన్ని వృత్తులవారు పనిచేసి ఉంటారో జాబితా రాయండి.
2. నీడ లెక్కతో మీరు కొలిచిన గోడ ఎత్తు ఎంత? లెక్క చూపించండి.
3. మూడు గంటల సినిమాలో ఎన్ని నిలకడ బొమ్మలుంటాయి?
4. ఆకుపచ్చ తెర ముందు ఏ రంగు దుస్తులు వేసుకోకూడదు? ఎందుకు?
5. పైనుంచి పడేవారికి కింద పరుపు వేస్తే దెబ్బ ఎందుకు తగ్గుతుంది? ఆగే సమయం, బలం అనే మాటలు వాడి రాయండి.
6. వార్షికోత్సవ నాటికకు కావలసిన అయిదు చప్పుళ్ళను హాస్టల్‌లో దొరికే వస్తువులతో ఎలా చేస్తారు?
7. ఈ రోజు చూసిన పనుల్లో మీరు నేర్చుకోవాలనుకున్న పని ఏది? దానికి మీరు ముందుగా ఏం చదవాలి?

ఏడో ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా, తొందరపడకుండా రాయండి. దాన్ని మీ పెట్టెలో దాచుకోండి. ఫోటోలు అందరివీ ఒకేలా ఉంటాయి. ఈ జవాబు మాత్రం ఎవరిది వారికే.